వైద్యం విడిచి.. బ్యాంకు నిలిపి.. లక్ష రూపాయల మూలధనంతో ఆంధ్రా బ్యాంకుకు ప్రాణం పోసిన డాక్టర్ పట్టాభి

గుంటూరు: గుంటూరు మిర్చియార్డులో సరుకు అమ్ముకుని ఇంటిముఖం పట్టిన రైతును పైకం ఎక్కడ జమ అయిందని అడిగితే నేటికీ ఆంధ్రా బ్యాంకు అనే సమాధానం వినవచ్చుట కద్దు. నిజానికి ఆ పేరుతో బ్యాంకు 2020 ఏప్రిల్ 1 నుంచి లేదు. ఫలకాలు మారాయి, పాసుపుస్తకాలు మారాయి, చెక్కుబుక్కులు మారాయి. జనం నోటిలోని పేరు మాత్రం మారలేదు. తొమ్మిది దశాబ్దాలకు పైగా కృష్ణా, గుంటూరు, గోదావరి మండలాల వ్యవసాయంతో, వర్తకంతో పెనవేసుకున్న ఆ పేరు వెనుక ఒక వైద్యుడి జీవితం ఉంది. ఆయనే డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య.

నవంబరు మాసానికీ ఆ బ్యాంకుకూ ఒక విచిత్రమైన బంధం ఉంది. పట్టాభి జన్మించినది 1880 నవంబరు 24న. ఆయన స్థాపించిన బ్యాంకు 1923 నవంబరు 20న నమోదై, అదే నెల 28న మచిలీపట్నంలో లావాదేవీలు ప్రారంభించింది. అంటే ఆయనకు నలభై మూడేళ్లు నిండడానికి నాలుగు రోజుల ముందు బ్యాంకు పుట్టింది. నిండిన నాలుగు రోజులకు తలుపులు తెరిచింది.

గుండుగొలను నుంచి బందరుకు..

గుండుగొలను గ్రామం పట్టాభి జన్మస్థలం. ఆ గ్రామం తరువాత పశ్చిమగోదావరి జిల్లాలో భాగమై, 2022 పునర్విభజన అనంతరం ఏలూరు జిల్లాలో చేరింది. తండ్రి సుబ్రహ్మణ్యం, తల్లి గంగమ్మ. పసితనంలోనే తండ్రి కాలం చేయడంతో కుటుంబ భారం తల్లిపై పడింది. కలిమి లేని ఆ ఇంటిలో పిల్లలను చదివించడమే ఆమె ఏకైక లక్ష్యమైంది. అందుకోసమే సొంత ఊరు విడిచి ఏలూరు చేరుకున్నారు.

ఏలూరు మిషన్ పాఠశాలలోను, బందరు నోబుల్ కళాశాలలోను పట్టాభి విద్య సాగింది. సంఘ సంస్కర్త, బ్రహ్మర్షి రఘుపతి వెంకటరత్నం నాయుడు ఆయన గురువులలో ఒకరు. అనంతరం మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, మద్రాసు వైద్య కళాశాలలో ఎం.బి.సి.ఎం. పట్టా పుచ్చుకున్నారు. ఆనాడు ఆ పట్టా ఉన్నవారికి ప్రభుత్వ కొలువు దొరకడం కష్టం కాదు. అయినా పట్టాభి బందరులో స్వతంత్రంగా వైద్యవృత్తి చేపట్టారు. అనతికాలంలోనే చేయి తిరిగిన వైద్యుడన్న ఖ్యాతి గడించారు. రాబడికి లోటు లేదు.

అయితే ఆయన మనసు రోగి నాడి దగ్గరే ఆగిపోలేదు. వందేమాతర ఉద్యమ కాలమది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర పర్యటన సందర్భంగా బందరు పట్టణం స్వదేశీ భావాలతో ఉప్పొంగింది. పట్టాభి, కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు త్రయం చేతులు కలిపి 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పింది. ప్రభుత్వ విద్యకు ప్రత్యామ్నాయంగా చేతిపనులు, స్వభాష, దేశచరిత్ర నేర్పిన విద్యాలయమది. త్రివర్ణ పతాక రూపకర్తగా పేరొందిన పింగళి వెంకయ్య సైతం ఆ కళాశాలలో పనిచేసినవారే.

సుమారు పదేళ్లపాటు వైద్యం చేసిన అనంతరం, 1916 ప్రాంతంలో పట్టాభి ఆ వృత్తికి స్వస్తి పలికారు. చేతినిండా రాబడి ఉన్న దశలో, నడివయసు రాకముందే తీసుకున్న నిర్ణయమది. ఆ తరువాత ఆయన ఫీజు కోసం నాడి పట్టలేదు. ప్రజాజీవితమే ఆయన వృత్తి అయింది.

గుంటూరుతో గాఢానుబంధం

కృష్ణానదికి ఆవలి గట్టున బందరు, ఈవలి గట్టున గుంటూరు. నేడు వేరు జిల్లాలైనా ఒకప్పుడు రెండూ ఒకే పాలన కింద ఉండేవి. 1859లో రద్దయిన గుంటూరు జిల్లా తిరిగి ఏర్పడినది 1904లో. ఒంగోలు ప్రాంతం నెల్లూరు నుంచి విడివడి గుంటూరులో చేరినదీ అప్పుడే. 1970లో ప్రత్యేక జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం పేరు ధరించే వరకు ఒంగోలు గుంటూరు జిల్లాలో భాగంగానే కొనసాగింది. కనుక బందరులో పుట్టిన ప్రతి ఆలోచనా నది దాటి గుంటూరు చేరడం, గుంటూరులో రగిలిన ప్రతి ఉద్యమమూ బందరును కదిలించడం ఆనాడు సహజం.

దేశభక్త కొండ వెంకటప్పయ్య ఇందుకు తొలి నిదర్శనం. గుంటూరువాసి అయిన ఆయన బందరులో న్యాయవాదిగా ఉండగా 1902లో కృష్ణాపత్రిక స్థాపనకు మూలపురుషుడయ్యారు. ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో ఆ పత్రిక ఆంధ్రుల ఆలోచనలకు వేదికగా నిలిచింది. వెంకటప్పయ్య, పట్టాభి, ముట్నూరి ఊరూరా తిరిగి ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రం అవసరమని ప్రచారం చేశారు. దాని ఫలితమే 1913 మే నెలలో బాపట్లలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభ. తెలుగువారి రాష్ట్రం కోసం తొలిసారిగా మహాసభ కొలువుదీరిన ఖ్యాతి ఈ మెట్టపల్లెల, తీరపట్టణాల ప్రాంతానికే దక్కింది.

ఆ సభ నుంచి పట్టాభి వెనుదిరిగి చూడలేదు. భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడాలన్న వాదానికి అంకెలు, ఆధారాలు సమకూర్చి గ్రంథరూపంలో దేశం ముందుంచారు. 1917 కలకత్తా కాంగ్రెస్‌లో ఆంధ్రకు ప్రత్యేక కాంగ్రెస్ శాఖ కావాలన్న కోర్కె చర్చకు రాగా అనిబిసెంటు వ్యతిరేకించారు. గాంధీజీ సైతం ఆనాడు వాయిదా వేయాలనే భావించారు. బాలగంగాధర తిలక్ అండగా నిలిచారు. చివరకు ఆంధ్రుల పట్టుదలే గెలిచి 1918లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘం ఏర్పడింది. న్యాపతి సుబ్బారావు అధ్యక్షులు కాగా, కార్యదర్శి మన కొండ వెంకటప్పయ్య. రాష్ట్రం ఏర్పడడానికి ముప్పయ్యయిదేళ్ల ముందే కాంగ్రెస్ సంస్థలో ఆంధ్రకు హద్దు గీయించిన ఘనతలో పట్టాభికి పెద్దవాటా ఉంది.

అప్పు లేనిదే అరక కదలదు!

రాష్ట్రం కోసం తిరిగిన ఊళ్లలో పట్టాభి కళ్లకు కనబడిన మరో వాస్తవం రైతు అప్పు. పత్తి గానీ మిరప గానీ చేతికొచ్చే పైకానికీ, పెట్టవలసిన పెట్టుబడికీ నడుమ నెలల దూరం ఉంటుంది. తొలకరికి దుక్కి, విత్తనం, కూలి సిద్ధం కావాలి. మిరప నారు పోసి, నాట్లు వేసి, కాయ కోసి, కల్లంలో ఆరబోసి, బస్తా కట్టేసరికి మాఘ ఫాల్గుణాలు వస్తాయి. పత్తి తీతలూ శీతకాలం పొడుగునా సాగుతాయి. ఈ నడుమ ఇల్లు గడవాలి, శిస్తు కట్టాలి, పెళ్లిళ్లు జరగాలి.

ఆ అవసరం తీర్చేవాడు గ్రామంలోని షావుకారు. నోటు రాయించుకుని వడ్డీకి ఇవ్వడం ఒక పద్ధతి. గింజలు అప్పుగా ఇచ్చి పంట చేతికి రాగానే అదనంగా కొలిపించుకునే నాము మరొక పద్ధతి. కాపు మీదనే బేరమాడి, సరుకు తనకే తోలాలన్న షరతుతో బయానా ఇవ్వడం ఇంకొకటి. దారులు వేరైనా చివరకు చేరేది ఒకచోటికే. అసలు అలాగే ఉండి వడ్డీకి వడ్డీ పెరిగేది. పంట ధర నిర్ణయించే హక్కు పండించినవాడి చేతిలోంచి జారిపోయేది. చివరకు పొలం తనఖాలోకి వెళ్లేది.

మరి బ్యాంకులు లేవా అంటే ఉన్నాయి. కానీ వాటి చూపు వేరు. మద్రాసు బ్యాంకు వంటి సంస్థలకు దొరల కంపెనీలు, రేవు పట్టణాల ఎగుమతి వర్తకమే ప్రధానం. 1921లో మూడు ప్రెసిడెన్సీ బ్యాంకులు కలిసి ఇంపీరియల్ బ్యాంకు ఏర్పడ్డాక కూడా ఆ ధోరణి మారలేదు. దొరల సంస్థలంటే తిరుగులేనివన్న భ్రమ సైతం అప్పటికే తొలగింది. 1906లో మద్రాసులోని అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసి వేలాదిమంది పొదుపు సొమ్మును ముంచింది. ఆ దెబ్బ నుంచే 1907లో మద్రాసులో ఇండియన్ బ్యాంకు పుట్టింది. స్వదేశీ భావం బలపడిన ఆ కాలంలోనే బొంబాయి, బరోడా, మంగుళూరు పట్టణాలలో భారతీయుల బ్యాంకులు వరుసగా వెలిశాయి. కృష్ణా ఆనకట్ట పుణ్యమా అని డెల్టాలో ధాన్యం పండి చేతిలో నాలుగు డబ్బులు నిలిచిన ఆంధ్ర మండలాలకు మాత్రం తమదనే బ్యాంకు లేకపోయింది. ఇక్కడి మిగులు ఎక్కడో మదుపయ్యేది. ఇక్కడి అవసరానికి అధిక వడ్డీయే గతి అయ్యేది.

పట్టాభి ఈ సమస్యను వైద్యుడు రోగాన్ని పరీక్షించినట్టే పరీక్షించారు. అన్ని అవసరాలకూ ఒకే మందు పనిచేయదని గ్రహించారు. సాగు అప్పుకు పరస్పర పూచీపై నడిచే సహకార సంఘాలు తగినవి. అందుకే 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనకు ముందునిలిచారు. వర్తకానికి, పట్టణ పొదుపుకు వాణిజ్య బ్యాంకు కావాలి. ఇంటి యజమాని కన్నుమూస్తే కుటుంబం అప్పుల పాలు కాకుండా బీమా కావాలి. భూమి తనఖా అప్పులు తీర్చడానికి దీర్ఘకాలిక రుణం ఇచ్చే సంస్థ కావాలి. తరువాతి రెండు దశాబ్దాలలో ఆయన చేపట్టిన పనులన్నీ ఈ చట్రంలో ఇమిడినవే.

1923 నవంబరు..

1921, 22 సంవత్సరాలలో గుంటూరు జిల్లా స్వాతంత్ర్య సమరానికి కేంద్రమైంది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పిలుపుపై చీరాల, పేరాల ప్రజలు ఇళ్లు విడిచి రామనగర్ పేరిట పాకలు వేసుకుని నెలల తరబడి ఎండకు ఎండి వానకు తడిశారు. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన పెదనందిపాడు ఫిర్కా రైతులు పన్ను కట్టబోమని భీష్మించారు. పల్నాటి పుల్లరి పోరులో కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో నేలకొరిగారు. అదే నెలలో చౌరీచౌరా ఘటన దరిమిలా గాంధీజీ ఉద్యమాన్ని నిలిపివేశారు. రైతుల త్యాగానికి కొదవ లేకపోయినా, జప్తులు, జరిమానాల దెబ్బకు పల్లెలు ఆర్థికంగా చితికిపోయాయి.

ఉద్యమం చల్లారిన ఆ విరామంలోనే బందరులో ఆంధ్రా బ్యాంకు రూపుదాల్చింది. అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు కాగా, చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. నేటి లెక్కలో అది స్వల్పంగా తోచవచ్చు. కానీ రాజద్రోహ ముద్ర పడిన కాంగ్రెస్‌వాది ఒకరు ముందుండి పెట్టిన సంస్థలో సొమ్ము దాచుకోవడానికి ఆనాడు ఎంతో నమ్మకం కావాలి. అప్పటికి రిజర్వు బ్యాంకు లేదు. అది 1935లో వచ్చింది. డిపాజిట్లకు బీమా లేదు. అది 1962లో వచ్చింది. బ్యాంకు మునిగితే ఖాతాదారు మునిగినట్టే. స్థాపకుల మాట ఒక్కటే పూచీ. ఒకనాడు తమ ఊరి రోగులకు నమ్మకమిచ్చిన వైద్యుడి పేరు, ఇప్పుడు పొదుపుదారులకు నమ్మకమిచ్చింది.

ఆ నమ్మకం ఎంత విలువైనదో 1938లో తేటతెల్లమైంది. ఆ ఏడు దక్షిణాదిలో పెద్దదిగా పేరొందిన ట్రావంకూర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు కుప్పకూలింది. చిన్నాపెద్దా బ్యాంకులు అనేకం మూతపడిన ఆ దశాబ్దాలలో ఆంధ్రా బ్యాంకు నిలదొక్కుకుంది. ఆర్థికమాంద్యం వల్ల పంటల ధరలు పడిపోయి రైతులు అప్పులు తీర్చలేని స్థితిలో సైతం తలుపులు మూయలేదు.

బ్యాంకు వెంటనే ఇతర సంస్థలూ వచ్చాయి. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీ బందరులో వెలిశాయి. ఓడల రాకపోకలు తగ్గి వైభవం కోల్పోతున్న ఆ పాత రేవు పట్టణం ఆంధ్రుల ధనవ్యవస్థకు కూడలిగా మారింది. 1956లో జీవితబీమా జాతీయం కావడంతో బందరు బీమా సంస్థల జీవితబీమా వ్యాపారం ఎల్ఐసీలో లీనమైంది. ఎల్ఐసీకి మచిలీపట్నం వంటి పట్టణంలో డివిజనల్ కార్యాలయం ఉండడం వెనుక ఆ చరిత్రే ఉంది.

జైలు గోడల నడుమ చరిత్ర రచన

సంస్థలను నిలబెట్టినవారు సాధారణంగా వాటి కుర్చీలలోనే స్థిరపడతారు. పట్టాభి దారి వేరు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో బందరు తీరాన చట్టాన్ని ధిక్కరించి కారాగారం పాలయ్యారు. తిరిగి 1932, 33లలోనూ జైలుశిక్ష అనుభవించారు. 1919 నుంచి దశాబ్దకాలం పైగా జన్మభూమి అనే ఆంగ్ల వారపత్రిక నడిపారు. కాంగ్రెస్ స్వర్ణోత్సవాల సందర్భంగా 1935లో వెలువడిన భారత జాతీయ కాంగ్రెస్ చరిత్ర ఆయన లేఖిని నుంచి జాలువారినదే. ఉద్యమాన్ని లోపలినుంచి చూసినవాడు రాసిన చరిత్రగా దానికి నేటికీ ప్రత్యేక స్థానం ఉంది.

1939లో ఆయనకు ఎదురైన ఓటమి దేశమంతటా చర్చనీయాంశమైంది. త్రిపురి కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సుభాస్ చంద్రబోస్ తిరిగి పోటీపడగా, మౌలానా ఆజాద్ తప్పుకోవడంతో పట్టాభి బరిలో నిలిచారు. గాంధీజీ ఆశీస్సులు ఉన్నా రెండు వందలకు పైగా ఓట్ల తేడాతో పరాజితులయ్యారు. ఆ ఓటమి పట్టాభిది కన్నా తనదే ఎక్కువని గాంధీజీ ప్రకటించడం చరిత్రలో నిలిచిపోయింది. అటువంటి ఓటమి తరువాత చాలామంది తెరమరుగు అవుతారు. పట్టాభి మాత్రం పనిలో నిమగ్నులయ్యారు. స్వదేశీ సంస్థానాల ప్రజల హక్కుల ఉద్యమంలో ప్రముఖ పాత్ర వహించారు.

1942 ఆగస్టులో క్విట్ ఇండియా తీర్మానం వెనువెంటనే అరెస్టయిన కార్యవర్గ సభ్యులలో ఆయన ఒకరు. నెహ్రూ, పటేల్, ఆజాద్ తదితరులతో కలిసి అహమ్మద్‌నగర్ కోటలో దాదాపు మూడేళ్లు బందీగా గడిపారు. ఆ నిర్బంధంలో రాసుకున్న రచనలు తరువాత ఫెదర్స్ అండ్ స్టోన్స్ పేరిట గ్రంథమై వెలువడ్డాయి. స్వాతంత్ర్యానంతరం 1948లో పురుషోత్తమదాస్ టాండన్‌పై గెలిచి జైపూర్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. పరాజయం పొందిన తొమ్మిదేళ్లకు అదే పీఠం ఆయనను వరించింది.

సొంతవారి నుంచే విమర్శలు

కాంగ్రెస్ అధ్యక్షపదవి దక్కిన ఏడాదే పట్టాభికి కఠిన పరీక్ష ఎదురైంది. భాషారాష్ట్రాల ప్రశ్నను పరిశీలించడానికి జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభ్‌భాయ్ పటేల్, పట్టాభి సభ్యులుగా కాంగ్రెస్ ఒక సంఘాన్ని నియమించింది. ముగ్గురి పేర్లలోని తొలి అక్షరాలతో అది జేవీపీ సంఘంగా ప్రసిద్ధమైంది. 1949 ఏప్రిల్‌లో సమర్పించిన నివేదిక భాషారాష్ట్రాలను వాయిదా వేయాలని చెబుతూనే, ఆంధ్ర విషయంలో మినహాయింపుకు అవకాశమిచ్చింది. అయితే మద్రాసు నగరంపై ఆంధ్రులు ఆశ వదులుకోవాలన్నది షరతు.

ఆ సంతకం ఆంధ్రలో పెనుదుమారం లేపింది. బాపట్ల సభనాటి నుంచి రాష్ట్రం కోసం పోరాడిన వ్యక్తే మద్రాసును వదులుకోవడానికి ఒప్పుకోవడమేమిటని విమర్శలు వెల్లువెత్తాయి. మద్రాసుపై పట్టుబట్టిన ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుకు, పట్టాభికి నడుమ ఏనాటినుంచో ఉన్న రాజకీయ దూరం మరింత పెరిగింది. చివరకు పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ అనంతరం 1953 అక్టోబరు 1న మద్రాసు లేకుండానే ఆంధ్రరాష్ట్రం అవతరించింది. ప్రకాశం తొలి ముఖ్యమంత్రి అయ్యారు. కర్నూలు రాజధాని, గుంటూరు హైకోర్టుకు నెలవు అయ్యాయి. పట్టాభి అంచనా ఫలించిందని కొందరు, పోరాడి ఉంటే నగరంలో వాటా దక్కేదని మరికొందరు నాటినుంచీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆయన జీవితంలో ఏకాభిప్రాయం కుదరని ఘట్టమది.

అనంతరం పట్టాభి 1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు. 1959 డిసెంబరు 17న హైదరాబాదులో తుదిశ్వాస విడిచారు.

పట్టాభి భవన్.. ఓ చారిత్రక చిరునామా

సంస్థాపకుడు కనుమరుగైనా సంస్థ ఎదుగుదల ఆగలేదు. బందరులో అదే నేలపై పుట్టిన భారతలక్ష్మీ బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకులో విలీనమైంది. తెలుగు రాష్ట్రం హైదరాబాదు రాజధానిగా ఏర్పడ్డాక బ్యాంకు కేంద్ర కార్యాలయం సైతం బందరు విడిచి రాజధాని చేరింది. కోఠి సుల్తాన్‌బజారులోను, తరువాత సచివాలయ సమీపంలోని సైఫాబాదులోను కొలువుదీరింది. సైఫాబాదులోని ప్రధాన కార్యాలయ భవనానికి డాక్టర్ పట్టాభి భవన్ అని నామకరణం చేశారు. బ్యాంకు ఉన్నంతకాలం దాని పత్రాలపై, రసీదులపై ఆ చిరునామా అచ్చవుతూ వచ్చింది. ఏ మారుమూల శాఖలో ఖాతా తెరిచిన రైతుకైనా పట్టాభి పేరు అలా చేతికందేది.

1969లో 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసినప్పుడు ఆంధ్రా బ్యాంకు ఆ జాబితాలో లేదు. రెండో విడతలో, 1980 ఏప్రిల్ 15న, మరో ఐదు బ్యాంకులతో కలిసి ప్రభుత్వపరమైంది. లక్ష రూపాయలతో మొదలైన ప్రాంతీయ సంస్థ జాతీయ బ్యాంకుగా అవతరించింది. దేశంలో క్రెడిట్ కార్డులు ప్రవేశపెట్టిన తొలి బ్యాంకులలో ఒకటిగా 1981లో గుర్తింపు పొందింది.

లీడ్ బ్యాంకు విధానంలో గుంటూరు జిల్లా బాధ్యత ఆంధ్రా బ్యాంకుకే దక్కింది. జిల్లా వార్షిక రుణప్రణాళిక రూపొందించడం, ఏ పంటకు ఎంత రుణమివ్వాలన్న చర్చలో బ్యాంకులన్నిటినీ సమన్వయపరచడం దాని విధి. నాగార్జునసాగర్ కుడికాలువ పారి పల్నాడు, నరసరావుపేట, ప్రకాశం జిల్లా మెట్టభూముల్లో పంటల స్వరూపం మారిన దశాబ్దాలవి. మిరప, పత్తి విస్తరించాయి. శీతల గిడ్డంగులు, జిన్నింగు మిల్లులు వెలిశాయి. బంగారం కుదువపెట్టి విత్తనం కొనే రైతు షావుకారు గడప తొక్కకుండా బ్యాంకు మెట్లెక్కడం అలవాటైంది. 1915లో, 1923లో పట్టాభి వేసిన బీజం ఫలించిన తావు ఇదే.

పేరు పోయింది.. పని మిగిలింది

2019 ఆగస్టు 30న కేంద్రప్రభుత్వం బ్యాంకుల విలీనాలను ప్రకటించింది. ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలుస్తాయన్న వార్త తెలుగునాట కలకలం రేపింది. పేరైనా నిలపాలని ప్రజాప్రతినిధులు, ఉద్యోగ సంఘాలు, ఖాతాదారులు విజ్ఞప్తులు చేశారు. అయినా 2020 ఏప్రిల్ 1న విలీనం పూర్తయింది. కొత్త ఫలకాలపై కొంతకాలం ఆంధ్రా అన్న మాట పక్కన చిన్న అక్షరాల్లో కనిపించింది. 2021 ఏప్రిల్ నుంచి పాత శాఖల సంకేతాలూ చెల్లకుండా పోయాయి. పట్టాభి భవన్ ఒక బ్యాంకు ప్రధాన కార్యాలయమన్న హోదా కోల్పోయింది.

ఇందులో ఒక చారిత్రక సమన్వయమూ ఉంది. యూనియన్ బ్యాంకు సైతం స్వదేశీ కాలపు బిడ్డే. 1919లో బొంబాయిలో స్థాపితమైన ఆ బ్యాంకు కార్యాలయ భవనాన్ని 1921లో ప్రారంభించినది గాంధీజీ. గాంధీజీ చేతిమీదుగా తలుపులు తెరుచుకున్న బ్యాంకులో, ఆయన అనుయాయి స్థాపించిన బ్యాంకు శతవసంతాలకు మూడేళ్ల ముందు లీనమైంది. పేరు కోల్పోయిన బాధ తెలుగువారికి తీరనిదే. అయితే పట్టాభి బ్యాంకు పెట్టినది పేరు కోసం కాదన్నదీ అంతే నిజం. ఈ నేలపై పండిన మిగులు ఈ నేల అవసరానికే చేరాలి, అప్పు కోసం రైతు తల వంచకూడదు అన్నదే ఆయన చేపట్టిన సంస్థలన్నిటి సారాంశం.

ఆ గీటురాయిపై చూస్తే మిగిలిన పని తక్కువేమీ కాదు. 1987లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాలలో రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. పురుగుమందుల దుకాణాల వద్ద, వడ్డీ వ్యాపారుల వద్ద అప్పుపడిన కౌలుదారులు ఎందరో వారిలో ఉన్నారు. పొలం కాగితం లేని కౌలురైతుకు బ్యాంకు తలుపు తెరిపించడానికి 2011లో రుణ అర్హత కార్డుల చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. రెండో చట్టం కింద పత్రం పొందడానికి భూయజమాని సంతకం తప్పనిసరి కావడంతో అనేకులకు అది అందని ద్రాక్షే అయింది. బ్యాంకు ఉండీ అప్పు పుట్టని రైతు తిరిగి చేరేది పెట్టుబడి పెట్టే కమీషన్ వ్యాపారి దగ్గరికే. యార్డుకు తోలిన మిర్చి టిక్కీలు ధర పలకకముందే ఎవరి ఖాతాకు జమో నిర్ణయమైపోతుంది. నాము, బయానాల కాలం పేరు మార్చుకుని మిగిలే ఉంది.

బ్యాంకు పేరును తిరిగి తేవడం జిల్లావాసుల చేతిలో లేకపోవచ్చు. మచిలీపట్నంలో పుట్టిన ఆ సంస్థ చరిత్రను పిల్లలకు చెప్పడం, రుణప్రణాళిక సమావేశాలలో కౌలురైతు వాటా ఎంతని అడగడం మాత్రం మన చేతిలోనివే. ఏటా నవంబరు 24న పట్టాభి విగ్రహాలకు పూలమాలలు పడతాయి. ఆయన నిజంగా సంతోషించేది, అక్కౌలురైతు ఎవరి సిఫార్సూ లేకుండా బ్యాంకు మెట్లెక్కి, తలెత్తుకుని రుణపత్రంతో దిగివచ్చిన నాడే.